వేల్స్ ఇంటి దర్వాజ

నేను వేల్స్ చూడలేదు, చూసే యోగమూ లేదు. అయినా అక్కడ ఒక కొండ వాలులో ఉన్న పాత రాతి ఇంటి గురించి మా మేనమామ ఇంటి గురించి తెలిసినంత నాకు తెలుసు. పైన ఎన్ని గదులో, కింద ఏ గదిలో చలిమంట పొయ్యి ఉందో, ఇంటి వెనక భూమి ఎక్కడిదాకా పోయి ఏ వాగు ఒడ్డున ఆగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. తలవాకిలి సంగతైతే అడగనే అక్కర్లేదు. దాని దర్వాజ చేసింది నేనే. ఖతర్‌లో, లుసైల్ దగ్గర ఒక రేకుల షెడ్డులో, సెలవు దొరికే నా శుక్రవారాలన్నీ ధారపోసి చేశాను.

ఇప్పుడు ఆ ఇల్లు అమ్మకానికి పెట్టారు, భూమితో సహా. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు కడుపు మండుతూనే ఉంది. మా ఆవిడ మజ్జిగ తాగమంటుంది. మజ్జిగతో తగ్గే మంట కాదిది.

మేం వడ్లవాళ్ళం, కట్టె పని మా కులవృత్తి. మెట్‌పల్లి దగ్గర పల్లె మాది. కోస్తా వైపు ద్వారబంధం అంటారు గానీ మాకు గడప, చౌకట్టు, తలుపు అన్నీ కలిపి దర్వాజే. మా దగ్గర ఇల్లు కట్టేటప్పుడు పునాది మీద ముందు దర్వాజ లేపుతారు, ఆ తర్వాతే గోడలు లేస్తాయి. ముహూర్తం పెట్టుకుని, గడపకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కింద నవధాన్యాలూ రాగి పైసా వేసి, కొబ్బరికాయ కొట్టి లేపుతారు. ఆ రోజు వడ్లాయన పెళ్ళికొడుకుతో సమానం. అతనికి కొత్త బట్టలు పెట్టాలి, పీట వేసి అన్నం పెట్టాలి.

మా నాయన దీనికి తోడు ఇంకో పద్ధతి పాటించేవాడు. చౌకట్టు ఎత్తబోయే ముందు గడప మీద ఉలి పెట్టి చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఇంటాయన ముందుకొచ్చి, ఏం కావాలో అడుగు అనాలి. అప్పుడు అడిగిందాన్ని ఎవరూ కాదనరు. గడప దగ్గర కాదన్న ఇంట్లో ఏదీ నిలవదని మా వైపు నమ్మకం. మా నాయన ఒకచోట దూడను అడిగాడు. ఒకసారి ఒక దొర ఇంటి దగ్గర, పాలేరు మీద పెట్టిన దొంగతనం కేసు వాపసు తీసుకొమ్మని అడిగాడు. దొర పళ్ళు కొరికాడు గానీ తీసుకున్నాడు. పని మధ్యలో మాత్రం మా నాయన నోరు విప్పేవాడు కాదు. పని నడుస్తుండగా అడిగేవాడు కూలోడని, గడప దగ్గర అడిగేవాడే వడ్లాయన అని ఆయన మాట. ఆ మాట నా నెత్తిలో మేకులా దిగిపోయింది. నన్ను ముంచింది అదే.

ఖతర్‌లో నేను కార్పెంటర్‌ని. కప్పు పనులు జోరుగా నడుస్తున్న రోజులు. కప్పంటే ఫుట్‌బాల్ కప్పు, కానీ అక్కడ ఎవరూ ఫుట్‌బాల్ అని అదనంగా అనేవారు కాదు. రోడ్డు కప్పు కోసం, మెట్రో కప్పు కోసం, చెట్టు నాటితే అదీ కప్పు కోసమే. మా కంపెనీ ఒక స్టేడియంలో పెద్దవాళ్ళు కూర్చునే గదులకు చెక్క పని చేసేది. తలుపులు, గోడలకు పలకలు, బల్లలు. మా వర్క్‌షాపు లుసైల్ చివర ఉండేది. క్యాంపు నుంచి తెల్లవారకముందే బస్సెక్కితే చీకటి పడ్డాక దిగేవాళ్ళం. మా ఊళ్ళో మాత్రం నేను దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. ఖతర్ వేరని చెప్పీ చెప్పీ మానుకున్నాను.

అందుకే, మా ప్రాజెక్టు మేనేజర్ మొదటిసారి తన ఇంటి మాట ఎత్తినప్పుడు నేను లండన్‌లోనా సార్ అని అడిగితే ఆయన ముఖం ముడుచుకోవడం నాకు అర్థమైంది. లండన్ కాదు, ఇంగ్లండు కూడా కాదు, వేల్స్ అన్నాడు. మాకో భాష ఉంది, మాకో జెండా ఉంది అన్నాడు. నాకు ఆ క్షణం ఆ మనిషి నచ్చాడు. మా దుబాయ్ బాధ వీడికీ ఉందే అనుకున్నాను. అదీ నా తెలివి.

ఆయన మంచివాడు కాదని నేననను. కేకలు వేసేవాడు కాదు. షెడ్డులోకి వస్తే అందరికీ చెయ్యి ఊపేవాడు. అల్ రయ్యాన్‌లో కంపెనీ ఇచ్చిన విల్లాలో ఉండేవాడు. ఆయన ప్రాణమంతా ఆ కొండ మీది ఇంట్లో ఉండేది. వందల ఏళ్ళ కిందట ఎవరో రైతు కట్టుకున్న ఇల్లట. పైకప్పు కూలిపోయి, గోడల్లో చెట్లు మొలిచి, గొర్రెలు పడుకుంటున్న స్థితిలో కొన్నాడు. ఖతర్ జీతంతో ఏడాదికి కొంత చొప్పున బాగు చేయిస్తున్నాడు. పైకప్పుకు పలకరాయి, నేలకు బండలు, గోడలకు సున్నం. సిమెంటు వాడకూడదట, అక్కడ పాత ఇళ్ళను పాత పద్ధతిలోనే బాగు చేయాలని కట్టుబాటు ఉందట. ఫోన్లో ఫొటోలు చూపిస్తూ ఇదంతా చెప్పేవాడు. నేను కూడా ఆశగా చూసేవాడిని. ఎందుకంటే నేనూ అప్పుడే ఊళ్ళో పునాది వేయించాను.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. పెళ్ళి ఎవరో చేశారు, ఇల్లు మాత్రం నేను కట్టి చూస్తున్నాను. పునాది లేచి నడుము ఎత్తున నిలబడి ఉంది. దర్వాజ కోసం మా చేను గట్టు మీది టేకు మానును కోయించి, పలకలు చేయించి, నీడలో ఆరబెట్టి వచ్చాను. మా ఆవిడా బిడ్డా ఊళ్ళోనే ఒక కిరాయి గదిలో ఉన్నారు. మేస్త్రి పని ఆపేశాడు, దర్వాజ లేనిదే గోడ లేపనన్నాడు. ఊళ్ళో ఇంకో వడ్లాయన ఉన్నాడు, చేయించుకోవచ్చు. కానీ ఊరందరికీ దర్వాజలు చేసిన ఇంట్లో పుట్టి, నా ఇంటి గడప ఇంకొకడి చేత చెక్కించుకోవడమా? ఆ మాట ఎవరైనా అంటే నాకు ముక్కు మీద కోపం వచ్చేది. నేనొస్తాను, నేనే చేస్తాను, నేనే లేపుతాను అన్నాను. మా ఆవిడ పంతులును అడిగి మాఘంలో ముహూర్తం పెట్టించింది. మాఘం దాటితే మూఢం, మళ్ళీ మంచి రోజులు ఎప్పుడో. ఆ ముహూర్తానికి నేను ఊళ్ళో ఉండాలి. ఆ ఏడాది నాకు కావలసింది అదొక్కటే.

నా లీవు కూడా వచ్చి ఉంది. అడగడమే ఆలస్యం. సరిగ్గా అప్పుడే మేనేజర్ వచ్చి తన ఇంటి తలవాకిలికి దర్వాజ చేసిపెడతావా అన్నాడు.

అక్కడ అలాంటి పని చేసేవాళ్ళు కరువట. దొరికినా ఏడాది ఆగమంటున్నారట. మా షెడ్డులో చూస్తే పెద్దవాళ్ళ గదుల కోసం తెప్పించిన ఓక్ పలకలు మిగిలి ఉన్నాయి. కట్టె కంపెనీది, కార్పెంటర్ కంపెనీవాడు, శుక్రవారం దేవుడిది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు కదా. కానీ అప్పుడు నేనలా అనుకోలేదు. ఒక మనిషి తన ఇంటికి గడప చెయ్యమని వడ్లాయన్ని పిలిచాడు. కాదనడం మా ఇంటా వంటా లేదు. సరే సార్ అన్నాను.

అక్కడే నా లెక్క మొదలైంది. లీవు ఇప్పుడే అడగడమెందుకు? దర్వాజ అయిపోయి, పెట్టెలోకి ఎక్కే రోజు వస్తుంది. ఆ రోజు గడప మీద ఉలి పెట్టి అడుగుతాను. గడప దగ్గర అడిగింది ఏ దేశంవాడైనా ఎలా కాదంటాడు? పైగా ఆయన కూడా ఇల్లు కట్టుకుంటున్నవాడు. కట్టుకునేవాడి బాధ కట్టుకునేవాడికి తెలుస్తుంది. నన్ను అడిగితే ఇప్పటికీ ఇందులో తప్పు లేదు. తప్పంతా ఎవరి దగ్గర ఏ పద్ధతి నడుస్తుందో చూసుకోకపోవడంలో ఉంది.

మా షెడ్డు ఫోర్‌మన్ నిజామాబాదు ముస్లిం. మాతో తెలుగు, ఆఫీసుతో ఉర్దూ, డ్రైవర్లతో అరబ్బీ మాట్లాడేవాడు. నేను ఓక్ పలకలు ఎంచుకుంటుంటే వచ్చి నా లీవు సంగతి అడిగాడు. గడప దగ్గర అడుగుతానని నా పద్ధతి చెప్పాను. ఆయన నవ్వలేదు. నా చేతిలో పలక తీసి పక్కన పెట్టాడు.

“అరె భాయ్, ఈడ గడప లేదు, సిస్టమ్ ఉంది. లీవు గిప్పుడే ఎక్కియ్. కప్పు దగ్గరికొచ్చినకొద్దీ అందరి లీవులు ఆపుతరు. అప్పుడు నీ సార్ గూడ ఏం చెయ్యలేడు” అన్నాడు.

నేను వినలేదు. ఫోర్‌మన్‌కి మా పద్ధతులేం తెలుసు అనుకున్నాను. పని మధ్యలో అడిగేవాడు కూలోడు. నేను వడ్లాయన్ని.

శుక్రవారాలు మొదలయ్యాయి. క్యాంపులో మిగతావాళ్ళు బట్టలు ఉతుక్కుని, వండుకుని, అల్ వక్రా పోయి సముద్రం ఒడ్డున కూర్చునేవాళ్ళు. నేను మేనేజర్ కారులో షెడ్డుకు పోయేవాడిని. రేకుల కింద కాస్త ఫ్యాను గాలి. ఆయన కొలతలున్న బొమ్మ గోడకు అంటించి పోయేవాడు, మధ్యాహ్నం సాండ్‌విచ్ తెచ్చిచ్చేవాడు. పని మాత్రం, నిజం చెప్పాలంటే, నాకు బాగా నచ్చింది. ఇనుప మేకు ఒక్కటి లేదు. కట్టెలో కట్టె దిగ్గొట్టి పైన చెక్క మేకు బిగించడమే. అలాంటి పని మా నాయన పోయాక నేను చేయలేదు. స్టేడియంలో మాదంతా మిషన్ పని, జిగురు పని. ఇక్కడ చాలా రోజులకు చేత్తో చిత్రిక పట్టాను. పొట్టు సుళ్ళు తిరిగి కాళ్ళ మీద పడుతుంటే నాకు మా ఇంటి టేకు గుర్తొచ్చేది. ముందు దీనికి చెయ్యి తిరిగితే, అక్కడ ఇంకా బాగా వస్తుంది అనుకునేవాడిని.

తలుపు పలకల్లో ఒకదాని మీద ఆవు కన్నంత ముడి ఉంది. అది తీసేసి వేరే పలక వేస్తానన్నాను. ఆయన వద్దన్నాడు, అదే అందం అన్నాడు. సరే, ఆయన తలుపు. ఆయన కన్ను.

దర్వాజ రూపం వచ్చాక అసలు పని చెప్పాడు. ఇది పాతదిగా కనపడాలట. కొత్త దర్వాజ ఆ ఇంటికి నప్పదట. ఒక గొలుసు తెచ్చి నా చేతికిచ్చి, దీనితో అక్కడక్కడా కొట్టు అన్నాడు. అంచులు పగలగొట్టమన్నాడు. తుప్పు నీళ్ళూ టీ డికాషనూ కలిపి పూసి నల్లబడేలా చేయమన్నాడు. చివరికి గడప దగ్గర కూర్చుని, దాని మధ్య భాగం మీద చెయ్యి తిప్పుతూ, ఇక్కడ లోతుగా అరగదీయాలన్నాడు. వందల ఏళ్ళుగా మనుషులు తొక్కినట్టు ఉండాలట.

గడప మాకు లక్ష్మి. దాని మీద కూర్చోం, నిలబడం, కాలు వేయకుండా దాటుతాం. చేసిన చేత్తోనే దాన్ని గొలుసుతో కొట్టమంటే ఎట్లా? కానీ ఆయన ముఖం చూస్తే చిన్నపిల్లవాడికి బొమ్మ దొరికినట్టు వెలిగిపోతోంది. ఆ ఇంటికి ఉన్న వయసంతా తనకు కావాలి. దానికి పట్టే కాలం మాత్రం తన దగ్గర లేదు, నా చేతి ఉలి దగ్గర ఉంది. నేను గడపకు మనసులోనే దండం పెట్టుకుని అరగదీశాను. ఎక్కువగా తొక్కేది కుడికాలే కదా అని కుడివైపు కాస్త ఎక్కువ తీశాను. ఆయన చూసి మెచ్చుకున్నాడు. మెచ్చుకోలుకు పొంగిపోయాను కూడా. ఎండాకాలం పోయింది, చలి వచ్చింది. ఊరి నుంచి మా ఆవిడ ఫోన్లు ఎక్కువయ్యాయి.

“ముహూర్తం దగ్గరికొచ్చింది. సార్‌ను అడిగినవా లేదా?”

“అడుగుత. ఒక పద్ధతుంటది.”

“నీ పద్ధతి పాడుగాను. కిరాయి ఇంటాయన ఖాళీ జెయ్యమంటుండు.”

పెట్టె కట్టే శుక్రవారం వచ్చింది. ఆ ఇంటి కోసం ఆయన కొన్న సామానంతా ఓడలో పోతోంది, దానితో పాటే దర్వాజ. చౌకట్టును షెడ్డు మధ్యలో నిలబెట్టాను. పొద్దున్నే స్నానం చేసి వచ్చాను. గడప అడుగున, ఎవరికీ కనపడని చోట, చిన్న గుంట తొలిచి పసుపు పెట్టి రాగి పైసా ఒకటి వేశాను. ఖాళీ గడపను పంపడం మా ఆనవాయితీ కాదు. ఆ పైసా నా ఇంటి కోసం మా నాయన దాచి ఇచ్చింది. నాకింకొకటి దొరకదా అనుకున్నాను. ఇంటికి పోతున్నవాడి ధీమా అది.

ఆయన వచ్చాడు. దర్వాజ చుట్టూ తిరిగాడు. చెయ్యి పెట్టి తడిమాడు. గడప అవతల నిలబడి, అద్భుతం అన్నాడు. నేను ఇవతల నిలబడి, గడప మీద ఉలి పెట్టి, చేతులు కట్టుకున్నాను. ఏం కావాలో అడగమని ఆయన అనలేదు. వాళ్ళ పద్ధతి కాదు గదా అని నేనే మొదలుపెట్టాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పాను. సార్, నాదీ ఇల్లు ఉంది. దానికీ దర్వాజ లేపాలి. మాఘంలో రోజు ఉంది. లీవు కావాలి, వెంటనే.

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉంది. తప్పకుండా అన్నాడు. నీ ఇంటి కంటే ముఖ్యమేముంటుంది అన్నాడు. సిస్టమ్‌లో పెట్టు, నేను ఒప్పుకుంటాను అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా నాయన పద్ధతి గెలిచిందనుకున్నాను. ఫోర్‌మన్ వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు. ఆదివారం క్యాంపు ఆఫీసుకు పోతే అక్కడి క్లర్కు కంప్యూటరు నావైపు తిప్పాడు. ఆ వారమే పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. కప్పు పని చేసేవాళ్ళకు, ముఖ్యంగా కార్పెంటర్లకు, లీవులు బంద్. కప్పు అయ్యేదాకా మాఫీ, అరబ్బీలో లేదని. ముందు ఎక్కించినవాళ్ళవి చెల్లుతాయట. కిందటి వారం పెట్టి ఉంటే నీకూ చెల్లేది అన్నాడు. పాపం, జాలిగానే అన్నాడు.

నేను మేనేజర్ దగ్గరికి పరుగెత్తాను. ఈసారి గడప లేదు. బల్ల ఉంది, బల్లకు అవతల ఆయన ఉన్నాడు.

“నువ్వు ముందే చెప్పాల్సింది” అన్నాడు. “ఇన్ని శుక్రవారాలు కలిసి ఉన్నాం. ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదు?”

ఏం చెప్పను? పని మధ్యలో అడగడం నామోషీ అని ఇంగ్లీషులో ఎలా చెప్తారు? నా చేతుల్లో లేదు అన్నాడాయన. పైవాళ్ళది అన్నాడు. ఒక మెయిల్ పెట్టి చూస్తానన్నాడు. పెట్టాడో లేదో నాకు తెలియదు. పెట్టే ఉంటాడు, మర్యాదస్తుడు. మెయిల్ పెట్టడానికి ఏం ఖర్చు? వెళ్ళేటప్పుడు అలమారలోంచి కంపెనీ బొమ్మ ఉన్న టీషర్టు ఒకటి తీసి ఇచ్చాడు. చూశారా, దర్వాజ చేసినవాడికి బట్టలు పెట్టే పద్ధతి వేల్స్‌లో కూడా ఉంది.

లీవులు ఆగింది మాకు మాత్రమే. మేనేజర్ మాఘంలోనే ఇంటికి పోయాడు. ఓడ సామాను దిగిందట, దగ్గరుండి దర్వాజ పెట్టించుకోవాలట. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. మరీ బోడి మల్లన్నగా కూడా చూడలేదులెండి, అక్కడి నుంచి నాకు ఫొటో పంపాడు. రాతి గోడ మధ్య నా దర్వాజ నిలబడి ఉంది. పక్కన ఇద్దరు పనివాళ్ళు, వెనక తడిసిన పచ్చటి కొండ. చాలా బాగుంది అని కింద రాశాడు. ఆ ఫొటో నేను మెస్‌లో అన్నం ముందు పెట్టుకుని చూశాను. అన్నం తినలేకపోయాను.

మా ఊళ్ళో కూడా ఆ మాఘంలోనే దర్వాజ లేచింది. మా బావమరిది మెట్‌పల్లిలో సిమెంటు దర్వాజ కొన్నాడు. అచ్చులో పోసి ఆరబెట్టి అమ్ముతారు, నాలుగు చేతులు పడితే దిగుతుంది. మా ఆవిడ వీడియో కాల్ పెట్టింది. పసుపు రాశారు, కొబ్బరికాయ కొట్టారు. సిమెంటుకు పసుపు పట్టదు, తుడిచినట్టు జారిపోతుంది. వడ్లాయన లేడు కాబట్టి బట్టలు మేస్త్రికి పెట్టారు. గడప దగ్గర ఎవరూ నిలబడలేదు, ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. నేను లుసైల్‌లో పెద్దవాళ్ళ గదికి తలుపు బిగిస్తూ, ఫోన్ ఎదురుగా నిలబెట్టుకుని, బాగుంది బాగుంది అన్నాను. అంత పచ్చి అబద్ధం నా జన్మలో ఆడలేదు.

ఆ రాత్రి మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తను కోప్పడితే నేనూ నా కోపం చూపించుకునేవాడిని. ఎవరి మీద చూపించను? మేనేజర్ మీదనా? ఆయన కాదనలేదు. క్లర్కు మీదనా? వాడు కంప్యూటరు చూసి చెప్పాడు. ఎవ్వరూ కాదనకుండానే నాకు కాదని చెప్పారు. ఆ పని గల్ఫ్‌లో ఎంత నున్నగా చేస్తారో మా చిత్రిక కూడా అంత నున్నగా చేయదు.

కప్పు అయింది. మేం బిగించిన తలుపుల వెనక ఎవరు కూర్చున్నారో టీవీలో కూడా చూపించలేదు. పని అయిపోగానే కంపెనీ మమ్మల్ని గుంపులుగా పంపేసింది. ఇప్పుడు లీవు ఎంతైనా తీసుకోవచ్చు. ఇంటికి వచ్చి సిమెంటు గడప దాటి లోపలికి పోయాను. కుడికాలు ముందు పెట్టు అంది మా ఆవిడ. పెట్టాను.

టేకు పలకలు ఇంకా ఉన్నాయి. పెరట్లో రేకు కింద గోడకు ఆనించి ఉన్నాయి. వాటితో మంచం చెయ్యమంది మా ఆవిడ, అలమార చెయ్యమంది. ఊళ్ళో ఇద్దరు కొంటామని వచ్చారు. నేను ఇవ్వను, చెయ్యను. ఇది మొండితనమని నాకూ తెలుసు. ఊరి పనులన్నీ చేస్తాను, ఆ పలకల జోలికి మాత్రం పోను.

మొన్న నిజామాబాదు ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. ఆయన ఇంకా ఖతర్‌లోనే ఉన్నాడు. మన సార్ సౌదీ పోయిండు, అక్కడేదో ఇంకా పెద్ద పని దొరికిందట అని చెప్పాడు. ఇల్లు అమ్మకానికి పెట్టాడట. ఆ ఇంట్లో రెండు చలికాలాలు కూడా ఉన్నాడో లేదో. ప్రకటన పంపిస్తా చూడు భాయ్ అన్నాడు, పంపించాడు.

మా బిడ్డ ఇప్పుడు పెద్ద తరగతికి వచ్చింది, ఇంగ్లీషు గడగడా చదువుతుంది. ఫోన్ దానికిచ్చాను. అది వాకిట్లో కూర్చుని ఒక్కో ఫొటో జరుపుతూ తెలుగులో చెప్పుకుంటూ పోయింది. కొండల మధ్య చారిత్రక గ్రామీణ గృహం. ఎంతో శ్రద్ధతో పునరుద్ధరించారు. వాగు దాకా సొంత భూమి, గొర్రెలు మేపుకోవచ్చు. పాత పద్ధతి సున్నం గోడలు. నేను తల ఊపుతున్నాను. అన్నీ నాకు తెలిసినవే. అంతలో దర్వాజ ఫొటో వచ్చింది. ఆవు కన్నంత ముడి నన్నే చూస్తోంది.

“ఇల్లు కట్టినప్పటి అసలు ఓక్ దర్వాజ, తరతరాలుగా చెక్కు చెదరకుండా ఉంది అని రాసిన్రు బాపూ” అంది బిడ్డ. ఫొటో వేళ్ళతో పెద్దది చేసింది. “గడప సూడు, నడుమ ఎట్ల అరిగిందో. ఎంతమంది నడిస్తే గట్ల అరుగుతది? మన ఇంటికి గూడ గిసొంటి దర్వాజ ఉంటే ఎంత మంచిగుండు.”

ఆ అరిగిన చోట వేలు పెట్టాను.

“ఎవ్వలు నడువలే బిడ్డా. నేనే అరగదీసిన. అది నేను చేసిన దర్వాజ.”

బిడ్డ ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది, పకపకా నవ్వింది. ఏంది బాపూ, నువ్వు గప్పుడెప్పుడో పుట్టినవా, ఇది వందల ఏండ్ల కిందిది, ఈడ రాసి ఉంది అంది. రాసి ఉన్నదాని మీద నేనేం చెప్పగలను? గడప కింద మా నాయన దాచి ఇచ్చిన రాగి పైసా ఉందని చెప్పనా? దాన్ని చూడాలంటే ఆ ఇల్లు కొనాలి.

మా ఆవిడ చాటలో బియ్యం పట్టుకుని సిమెంటు గడప అవతల నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టుంది.

“మీ బాపు చేసిందే బిడ్డా” అంది. “అబద్ధం కాదు. మనకు చేసెటందుకే ఆయనకు తీరిక దొరకలే.”